మందు పోయకముందే బాగుండాలి: ఇంట్లో జామ, పుదీనా కాక్‌టెయిల్

ప్రశ్న: మేం హైదరాబాద్‌లో ఉంటాం. వచ్చే శనివారం మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద ఎనిమిది మందిమి కలుస్తున్నాం. మొన్న ట్రయల్‌గా జామకాయలు, పుదీనా, నిమ్మరసం, చక్కెర, ఐసు అన్నీ కలిపి మధ్యాహ్నమే మిక్సీలో తిప్పి ఫ్రిజ్‌లో పెట్టాను. సాయంత్రం వైట్ రమ్ కలుపుకుని తాగితే ఒకటే చేదు, పైగా నీళ్లనీళ్లగా ఉంది, రంగు కూడా బురదలా తిరిగింది. నా దగ్గర షేకర్ లాంటివేమీ లేవు. వచ్చేవాళ్లలో ముగ్గురు మందు ముట్టరు, వాళ్ల చేతిలో ఒక కూల్‌డ్రింక్ పెట్టి పక్కన కూర్చోబెట్టడం నాకు ఇష్టం లేదు. అందరికీ ఒకే రుచి వచ్చేలా చేయొచ్చా? పుదీనా బదులు మా కుండీలోని తులసి ఆకులు వేస్తే ఎలా ఉంటుంది?

సమాధానం:

ముందు ఆ చేదు సంగతి తేల్చేద్దాం. తప్పు జామకాయది కాదు, రమ్‌ది అసలే కాదు. పుదీనాని మిక్సీలో వేయడం వల్ల వచ్చిన తంటా అది. పుదీనా వాసనంతా ఆకు పైపైనే, కంటికి కనపడనంత చిన్న తిత్తుల్లో నూనెగా ఉంటుంది. ఒక ఆకు తీసుకుని రెండు వేళ్ల మధ్య మెల్లగా నొక్కి చూడండి, ఆకు చిరగకుండానే వాసన గుప్పుమంటుంది, మనకి కావాల్సింది అంతవరకే. దాన్ని బ్లేడు కిందికి పంపిస్తే లోపలున్న పసరంతా బయటికొస్తుంది, మీకు తగిలిన చేదు ఆ పసరుదే. పైగా నిమ్మ పులుపులో నానిన ఆకుపచ్చ రంగు గంటలు గడిచేకొద్దీ గోధుమ రంగులోకి దిగిపోతుంది. అందుకే మధ్యాహ్నం బాగున్నది సాయంత్రానికి బురదలా కనిపించింది. నీళ్లదనానికి కారణం మీకే తెలిసి ఉంటుంది, మిక్సీలో వేసిన ఐసు కరిగి ఫ్రిజ్‌లో సాయంత్రం దాకా అందులోనే ఉంది కదా.

కాబట్టి పండుకి ఒక దారి, ఆకుకి ఇంకో దారి. పండుని ముందే చిదిమి, వడకట్టి, పెట్టుకోవచ్చు. ఆకు మాత్రం గ్లాసు చేతికిచ్చే నిమిషంలోనే పడాలి.

ఇక రెండో మాట, నా దృష్టిలో అసలు మాట ఇదే. మందు పోయకముందు ఆ రసాన్ని తాగి చూస్తే, అది ఒట్టి షర్బత్‌గానే ఇంకో గ్లాసు అడగాలనిపించాలి. అలా అనిపించకపోతే రమ్ పోసినా బాగుపడదు. చాలామంది మందు ఘాటు కింద అన్నీ దాగిపోతాయనుకుంటారు, నిజానికి పులుపు తక్కువైనా తీపి ఎక్కువైనా మందు పడ్డాక ఇంకా బయటపడుతుంది. ఈ పరీక్ష పెట్టుకుంటే మీ రెండో సమస్య కూడా దానంతటదే తీరిపోతుంది. జగ్గులో ఉండేది పండ్ల రసమే, రమ్ ఎవరి గ్లాసులో వాళ్లకి. తాగేవాళ్లకీ తాగనివాళ్లకీ ఒకే జగ్గు. దయచేసి జగ్గులో మాత్రం రమ్ కలపకండి, అది కలిపిన క్షణం నుంచి ఆ ముగ్గురు మళ్లీ కూల్‌డ్రింక్ దగ్గరికే వెళ్లాలి.

ఎనిమిది గ్లాసులకి లెక్క చెబుతాను. గ్లాసుకి 100 మి.లీ. చొప్పున 800 మి.లీ. రసం కావాలి. అందులో జామ రసం 500, నిమ్మరసం 160, చక్కెర నీళ్లు 140 దాకా. ఇది ఒక రౌండ్‌కి, రెండో రౌండ్ కూడా ఉంటే కింద చెప్పే కొలతలన్నీ రెట్టింపు చేసుకోండి.

జామకాయల దగ్గర కక్కుర్తి పడొద్దు. కచ్చాగా, కొరికితే కరకరలాడే కాయ ఉప్పూ కారం అద్దుకుని తినడానికి బాగుంటుంది, దీనికి పనికిరాదు. సంచిలో పెట్టి పక్కన పెడితే ఇల్లంతా వాసన పట్టేలా పండిన పండ్లు కావాలి, వేలితో నొక్కితే కొంచెం లోపలికి పోవాలి. లోపల ఎర్రగా ఉండే రకం దొరికితే రంగు అందంగా వస్తుంది, గాలికి నల్లబడ్డా అంతగా కనపడదు. తెల్ల జామ అయితే కోసిన వెంటనే ముక్కల మీద నిమ్మరసం పిండేయండి, పులుపు తగిలితే నల్లబడటం తగ్గుతుంది. నాలుగు పెద్ద పండ్లు, అంటే దాదాపు 700 గ్రాములు, ముక్కలు చేసి పావు లీటరు చల్లటి నీళ్లతో మిక్సీలో వేయండి. ఇక్కడ ఒక్క జాగ్రత్త ఉంది, మిక్సీని వదిలేసి తిప్పకూడదు, ఆపి ఆపి నాలుగైదు సార్లు తిప్పి ఆపేయాలి. గుజ్జు విడిపోవాలి గానీ గింజ పగలకూడదు. గింజ నలిగితే ఎంత వడకట్టినా ఆ ఇసుక లాంటి పొడి నాలుకకి తగులుతూనే ఉంటుంది. తర్వాత పెద్ద జల్లెడలో పోసి గరిటె వెనకభాగంతో రుద్దుతూ వడకట్టండి. ఐదు నిమిషాల పని, చేతికి కాస్త నొప్పి, అయినా దీన్ని తప్పించుకోవద్దు. అర లీటరుకి కొంచెం అటూ ఇటూగా చిక్కటి రసం వస్తుంది, తగ్గితే జల్లెడలో మిగిలిన పిప్పి మీద కాసిని నీళ్లు పోసి మళ్లీ రుద్దండి.

నిమ్మకాయలు పది పన్నెండు పడతాయి. గూడూరు నిమ్మ లాంటి పలచటి తొక్క కాయలు చూసి తీసుకోండి, చేతిలో బరువుగా ఉండాలి. ఫ్రిజ్‌లో ఉన్నవైతే బయట పెట్టి, బల్ల మీద అరచేత్తో దొర్లించాక కోస్తే రసం బాగా దిగుతుంది. పిండేటప్పుడు ఆఖరి బొట్టు కోసం తొక్కని మెలితిప్పకండి, గింజలు కూడా రసంలో ఉంచకండి, చేదు ఆ దారిలోనూ వస్తుంది. నిమ్మరసం ఆ రోజు పిండిందే కావాలి. సీసాల్లో అమ్మే రసంతో ఈ పని జరగదు, ఖచ్చితంగా చెబుతున్నా.

చక్కెర నీళ్లకి పాకం పట్టక్కర్లేదు. 100 గ్రాముల చక్కెర, 100 మి.లీ. వేడి నీళ్లు, కరిగేదాకా కలిపి చల్లార్చడమే, దాదాపు 160 మి.లీ. వస్తుంది. చక్కెరని నేరుగా చల్లటి రసంలో వేస్తే సగం అడుగునే ఉండిపోతుంది, పై గ్లాసులు పుల్లగా, ఆఖరి గ్లాసు తియ్యగా వస్తాయి. మొత్తం ఒకేసారి పోసేయకుండా ముందు 100 మి.లీ. పోసి రుచి చూడండి, జామ తీపిని బట్టి మిగతాది. రెండు చిటికెల ఉప్పు మర్చిపోవద్దు, అది పడ్డాక జామ రుచి ఒక్కసారిగా పైకి తేలుతుంది. రుచి చూసేటప్పుడు చిన్న గ్లాసులో రెండు ఐసు ముక్కలు వేసి, ఒక నిమిషం ఆగి తాగి చూడండి. చల్లబడితే నాలుకకి తీపి తక్కువ తెలుస్తుంది, కరిగిన ఐసు రసాన్ని పలచబరుస్తుంది, ఆ రెండూ అయ్యాక కూడా బాగుండాలి. అంటే జగ్గులో ఉన్న రసం ఒట్టిగా తాగితే కొంచెం ఘాటుగా అనిపించడమే సరైన లెక్క. ఇదంతా శనివారం మధ్యాహ్నం చేసి మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టేయొచ్చు, సాయంత్రానికి ఏమీ కాదు.

పుదీనా శనివారం పొద్దునే కొనండి. మట్టి ఉంటుంది కాబట్టి గిన్నెడు నీళ్లలో రెండు మూడు సార్లు జాడించి, బట్ట మీద ఆరబెట్టి, తడి గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టండి. వాడిపోయినట్టుంటే పది నిమిషాలు ఐసు నీళ్లలో వేస్తే తేరుకుంటుంది. ఆకులే వాడాలి, కాడలు వద్దు.

షేకర్ గురించి అసలు టెన్షన్ పడొద్దు. మూత గట్టిగా బిగిసే లీటరు గాజు జాడీ, ఖాళీ అయిన పచ్చళ్ల సీసా అయినా సరే, వాసన పోయేలా కడిగితే చాలు. స్టీలు వాటర్ బాటిల్ మూతి వెడల్పుగా ఉంటే ఇంకా మంచిది, త్వరగా చల్లబడుతుంది. ఆకుని నొక్కడానికి మన పప్పు గుత్తి ఉంది కదా, బార్లలో వాడే కర్ర చేసే పనీ అదే. రెండు గ్లాసులకి ఒకసారి చొప్పున చేయండి. జాడీలో పదిహేను పదహారు ఆకులు వేసి, రెండు చెంచాల రసం పోసి, పప్పు గుత్తితో నాలుగైదు సార్లు నొక్కండి. దంచడం కాదు, నొక్కి ఒక్క మెలిక తిప్పి వదిలేయడం. ఆకు ముదురు రంగులోకి మారి, ముక్కలు కాకుండా ఉంటే సరిగ్గా చేసినట్టే. తర్వాత 200 మి.లీ. రసం, 90 మి.లీ. రమ్, జాడీ నిండా ఐసు. మూత బిగించి, బట్ట చుట్టి, పన్నెండు పదిహేను సెకన్లు గట్టిగా ఊపండి. జాడీ బయటి వైపు మంచు పట్టినట్టు మసకబారితే ఆపేయొచ్చు. కొత్త ఐసు వేసిన గ్లాసుల్లోకి టీ వడకట్టే జాలీలోంచి పోయండి, నలిగిన ఆకులు జాలీలో ఆగిపోతాయి. ఆ తర్వాత గ్లాసుకి 50, 60 మి.లీ. ప్లెయిన్ సోడా. సోడాని జాడీలో పోసి ఊపొద్దు, మూత ఎగిరిపోతుంది. తియ్యటి నిమ్మ సోడాలు కూడా వద్దు, మీరు అంత జాగ్రత్తగా కుదుర్చుకున్న తీపి లెక్క మొత్తం తారుమారు చేస్తాయి. చివర్లో ఒక పుదీనా కొమ్మని అరచేతిలో పెట్టుకుని ఒక్కసారి చప్పట్లు కొట్టినట్టు కొట్టి గ్లాసులో నిలబెట్టండి. తాగేటప్పుడు ముక్కుకి తగిలే వాసన దానిదే, దాన్ని అలంకారం అనుకుని వదిలేయకండి. గ్లాసు అంచుకి నిమ్మచెక్క రాసి, ఉప్పు, కారం కలిపిన పళ్లెంలో అద్దితే జామకాయకి ఇంకేం కావాలి, మనందరం బడి గేటు దగ్గర తిన్న రుచే కదా అది.

కొలత గ్లాసు లేకపోతే దగ్గు సిరప్‌తో వచ్చే చిన్న ప్లాస్టిక్ కప్పు వెతకండి, దాని మీద 5, 10, 15 అని గీతలుంటాయి, రమ్‌ని దానితోనే కొలవండి. చేతి వాటంగా పోయడం మాత్రం వద్దు, ఎందుకో కింద చెబుతాను.

ఐసు చాలామంది తక్కువ అంచనా వేస్తారు. ఊపడానికి కొంత, గ్లాసులోకి కొంత, ఎనిమిది మందికి రెండు రౌండ్లు అంటే కనీసం మూడు కిలోలు ఉంచుకోండి. ఫిల్టర్ నీళ్లతో గురువారం నుంచే ట్రేలు పెట్టి, గట్టిపడినవి కవర్‌లోకి మార్చుకుంటూ పోతే సరిపోతుంది. పెద్ద ముక్కలు నెమ్మదిగా కరుగుతాయి, అందుకే గ్లాసులోకి పెద్దవి వాడండి. చేపల దుకాణాలకి వెళ్లే దిమ్మ ఐసు కొట్టించుకుని తెచ్చే ఆలోచన ఉంటే మానుకోండి, అది ఏ నీళ్లతో చేశారో మనకి తెలియదు.

ఇప్పుడు మందు ముట్టని ఆ ముగ్గురి సంగతి. రమ్ తీసేసి మిగతాది అలాగే ఇస్తే రుచి కొంచెం చప్పగా, తియ్యగా తగులుతుంది, ఎందుకంటే రమ్ తెచ్చే మంట, ఆ చిన్న చేదు పోయాయి. ఆ ఖాళీ నింపాలి. రెండు అంగుళాల అల్లం దంచి, నాలుగు నిమ్మగడ్డి ఆకులు ముడివేసి, పది మిరియాలు వేసి పావు లీటరు నీళ్లలో సగమయ్యేదాకా మరిగించి, వడకట్టి చల్లార్చండి. రమ్ పోసే చోట ఇది గ్లాసుకి 40 మి.లీ. చొప్పున పోసి, అదే జాడీలో అదే పుదీనాతో ఊపండి. గొంతులో చురుక్కుమంటూ దిగుతుంది, పిల్లల జ్యూస్ తాగుతున్నట్టు ఉండదు. గ్లాసు కూడా అదే, అంచుకి ఉప్పూ కారం కూడా అలాగే. వాళ్లవి ముందు చేసేయండి, రమ్ తగిలిన జాడీలో కలిసిపోయే గొడవ ఉండదు. నిజం చెప్పాలంటే తాగేవాళ్లలో కూడా ఇద్దరు రెండో రౌండ్‌కి ఇదే అడుగుతారు.

తులసి విషయానికొస్తే, వద్దు. కోటలోదో కుండీలోదో, దీపం పెట్టి దండం పెట్టుకునే మొక్క ఆకులు మందులో వేశారని తెలిస్తే వచ్చినవాళ్లలో ఒక్కరికైనా మనసు నొచ్చుకుంటుంది, ఆ మాట పక్కనపెట్టినా తులసిలో లవంగం ఘాటు ఎక్కువ, జామ రుచిని తొక్కేస్తుంది. మీకు కావాల్సింది సబ్జా ఆకు. మనం ఎండాకాలం నానబెట్టుకునే సబ్జా గింజల మొక్కే బయటి దేశాల వంటల్లో వాడే బేసిల్. కిరాణా కొట్టు గింజలు చిటికెడు కుండీలో చల్లి నీళ్లు పెడితే చాలావరకు మొలుస్తాయి, ఎండ తగలాలి అంతే. ఈ శనివారానికి అందదు గానీ రెండు నెలల్లో చేతినిండా ఆకు కోసుకోవచ్చు. జర్మనీలోని హాంబర్గ్‌లో ల లియోన్ అనే బార్‌లో యోర్గ్ మేయర్ 2008లో జిన్, నిమ్మరసం, చక్కెర నీళ్లతో గుప్పెడు బేసిల్ ఆకులు కలిపి చేసిన కాక్‌టెయిల్ ఇప్పుడు ప్రపంచమంతా తిరుగుతోంది. అందులో ఆకుని బాగానే చిదుముతారు, పచ్చటి రంగు కోసమే అలా. చేదెక్కదా అంటే, ఊపిన వెంటనే సన్నటి జాలీలో వడకట్టి అప్పటికప్పుడు తాగేస్తారు, ఫ్రిజ్‌లో పెట్టరు. పుదీనా మీద మాత్రం ఆ బలం చూపించకండి. క్యూబావాళ్ల మొహితోలో కూడా పుదీనాని చక్కెర, నిమ్మరసంతో గ్లాసు అడుగున మెల్లగా నొక్కడమే పద్ధతి.

ఈ లెక్క ఒకసారి చేతికొచ్చాక జామ సీజన్ అయిపోయినా ఇబ్బంది లేదు. ఎండాకాలంలో పుచ్చకాయ రసం, సబ్జా ఆకు, వోడ్కా బాగా కలుస్తాయి, పుచ్చకాయ ఎలాగూ నీరు కాబట్టి సోడా మానేయండి. పచ్చిమామిడిని ఉడికించి తీసిన గుజ్జుకి కొత్తిమీర కాడలు, అప్పుడు నిమ్మరసం సగానికి తగ్గించాలి. వానలు మొదలయ్యాక వచ్చే నేరేడు పండ్లకి జిన్ అంత బాగా ఇంకేదీ కుదరదు, ఆ వగరూ రంగూ రెండూ చూడాల్సిందే. అనాసకి కరివేపాకు, రెండు రెబ్బలు చాలు, నొక్కి వాసన రాగానే ఆపేయాలి. బత్తాయి ఒక్కదాన్ని మాత్రం ముందే పిండి పెట్టుకోవద్దు, దాని రసం నిలవ ఉంటే దానంతటదే చేదెక్కుతుంది. సీతాఫలం, సపోటా దీనికి నప్పవు, వాటిని పాలకి వదిలేయండి.

ఇక కొలిచి పోయమన్నాను కదా. మన దగ్గర అమ్మే రమ్, జిన్, వోడ్కాల్లో మామూలుగా 42.8 శాతం ఆల్కహాల్ ఉంటుంది. 60 మి.లీ. పెగ్గులో దాదాపు 20 గ్రాముల ఆల్కహాల్ లోపలికి పోతుంది, డాక్టర్లు లెక్కగట్టే ఒక ప్రామాణిక డ్రింక్ 10 గ్రాములు, అంటే అది రెండు. నేను గ్లాసుకి 45 చెప్పింది అందుకే. పండ్ల రసంలో ఘాటు తెలియదు, దాహానికి తాగినట్టు గటగటా తాగేస్తారు, తలకెక్కేసరికి మూడోది చేతిలో ఉంటుంది. ఆరోగ్యానికి పనికొచ్చే ఆల్కహాల్ మోతాదు అంటూ ఏదీ లేదు, పండూ ఆకూ వేసినంత మాత్రాన ఇది ఆరోగ్యకరమైన డ్రింక్ అయిపోదు, ఆ పేరుతో ఎవరినీ బలవంతపెట్టొద్దు. రెండు రౌండ్ల దగ్గర ఆపి భోజనాలు పెట్టేయండి, అసలు మొదటి గ్లాసుకి ముందే పల్లీలో పకోడీలో ఏవో కడుపులో పడనివ్వండి. తెలంగాణలో, ఆంధ్రాలో 21 ఏళ్లు నిండనివాళ్లకి మందు అమ్మకూడదు, మీ గుంపులో తమ్ముళ్లో చెల్లెళ్లో ఉంటే వాళ్లకి అల్లం గ్లాసే. బండి నడిపేవాళ్ల రక్తంలో 100 మి.లీ.కి ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే కేసు, అది ఒకటి రెండు గ్లాసుల్లోనే దాటిపోవచ్చు. ఎవరెవరు ఎలా ఇంటికి వెళ్తారో శుక్రవారమే ఫోన్ చేసి కనుక్కోండి. నిద్రమాత్రలు, యాంటీబయాటిక్స్ లాంటివి వేసుకుంటున్నవాళ్లు, గర్భంతో ఉన్నవాళ్లు ముట్టకూడదు, కారణాలు అడగకుండా వాళ్లకీ అల్లం గ్లాసు ఇచ్చేయండి.

టెర్రస్ అన్నారు కాబట్టి ఇంకొక్కటి, ఇది చాలామందికి తెలియదు. నిమ్మకాయలు ఎండలో కూర్చుని పిండొద్దు. నిమ్మరసం, తొక్క నూనె అంటిన చర్మం మీద ఎండ పడితే ఒకటి రెండు రోజుల్లో ఎర్రబడి బొబ్బలు లేవొచ్చు, మచ్చలు వారాల తరబడి ఉండిపోవచ్చు. వంటింట్లో పిండి, సబ్బుతో చేతులు కడుక్కుని పైకి వెళ్లండి.

జగ్గులో రసం మిగిలితే ఐసు ట్రేల్లో పోసి ఫ్రీజర్‌లో పెట్టేయండి. నాలుగు ముక్కలు గ్లాసులో వేసి సోడా పోస్తే ఆదివారం మధ్యాహ్నానికి మీ అందరికీ బాగుంటుంది. పుదీనా మాత్రం అప్పుడు కూడా కొత్తదే కోయండి.